దీపక్ విమానముల రెండు పద్దులు

బెంగుళూరున తరతరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములకు అచ్చటి విమాన కర్మాగారము క్రొత్తది కాదు. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానము తోడ్పాటుతో దానిని నెలకొల్పెను. సైనికులకు విమానము నడుపుట నేర్పు హెచ్.టి.-2 అచ్చట డాక్టరు ఘాటగే నాయకత్వమున రూపొంది, 1951 ఆగస్టులో తొలిసారి ఎగిరెను. ఇట్టివి 160కి పైగా తయారయ్యెను. 12 విమానములను ఘానా దేశము కొనెను.

దాని తరువాతిది హెచ్.పి.టి.-32, దీపక్ అని దానికి పేరు. 1977 జనవరి 6న మొదట ఎగిరెను. 140కి పైగా నిర్మింపబడెను. 260 అశ్వశక్తిగల లైకమింగ్ ఇంజను, గురుశిష్యులు ప్రక్కప్రక్కన కూర్చుండు ఆసనములు. హైదరాబాదు చెంత దుండిగల్ వైమానిక అకాడమీలో ఏటేట చేరిన యువజనులు దీనిపైననే ఓనమాలు దిద్దిరి.

ఇది జమపద్దు. జమాఖర్చుల చిట్టాల నడుమనే ఉద్యోగము వెళ్లబుచ్చిన నాకు ఖర్చుపద్దు చూచిన గుండె కలుక్కుమనును: 17 ప్రమాదములు, 19 మంది వైమానికుల మరణము. ఇంచుమించు ఎనిమిదింటికొకటి కూలినదని తొందరపడి చెప్పవచ్చును. కాని ఆ లెక్క చాలదు. వైమానిక దళమువారు 10,000 గంటల ప్రయాణమునకు ఎన్ని ప్రమాదములని గణింతురు. పాతికయేండ్లు అనుదినము ఎగిరినదానిని, కొలదికాలము ఎగిరినదానిని ఒకే త్రాసున తూచుట న్యాయమా?

అయినను, భయపెట్టునది సంఖ్య మాత్రమే కాదు, ప్రమాదములు జరిగిన తీరు. ఆకాశమున ఇంజను ఆగిపోవుట పలుమారులు సంభవించెను. ఇంజను ఆగినచో తేలుచు మెల్లగా దిగు గుణము ఈ విమానమునకు తక్కువ. ఆసనముతోసహా మనిషిని బయటకు ఎగురవేయు యంత్రము అసలే లేదు. నేర్చుకొనుచున్న పసివాడు అట్టి క్షణమున ఏమి చేయగలడు? 2009 జులై 31న మెదకు జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు వైమానికులు అసువులు బాసిరి. అంతటితో ఆ విమానములన్నియు నేలపై నిలుపబడెను. విమానమునంతటిని మోయు పెద్ద గొడుగును అమర్చుదమను ఆలోచనయు సాగెను గాని, దీపక్ మరల పాఠము చెప్పలేదు.

క్రొత్తవారికి కిరణ్ జెట్టు విమానములతోనే మొదటి పాఠములు చెప్పవలసివచ్చెను. అక్షరములు రానివానికి కావ్యము చేతికిచ్చినట్లే! 2012లో స్విట్జర్లాండు పిలాటస్ విమానములు 75 కొనుటకు ఒప్పందము కుదిరెను. 2013 మే 31న అవి దుండిగల్‌లో కొలువుదీరెను. బెంగుళూరువారి హెచ్.టి.టి.-40 సరిగా మూడేండ్లకు, 2016 మే 31న, తొలిసారి ఎగిరెను. 2023లో 70 విమానములకు ఒప్పందము జరిగెను. వీనిలో గురువునకు, శిష్యునకు ఇరువురకును బయటకు ఎగురవేయు ఆసనములు కలవు.