వాషింగ్ మెషీన్ తిరగట్లేదా..? మెకానిక్‌ను పిలిచే ముందు ఆ సౌండ్ ఒక్కసారి వినండి!

బట్టలు వేశారు.. సబ్బు పొడి వేశారు.. స్విచ్ కూడా ఆన్ చేశారు. కానీ మెషీన్ మాత్రం తిరగట్లేదు. ఇంకేముంది, మోటార్ కాలిపోయిందేమోనని చాలామంది కంగారు పడిపోతుంటారు. ప్రతిసారీ సమస్య మోటార్‌లోనే ఉండదు. మెషీన్ ఎలాంటి సౌండ్ చేస్తోందో గమనిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

అసలు సౌండే రావట్లేదా..?

ముందు అదే ప్లగ్ పాయింట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. కరెంట్ వస్తుంటే మూత సరిగ్గా పడిందో లేదో చూడాలి. సెమీ ఆటోమేటిక్‌లో డ్రయ్యర్ మూత దగ్గర ఓ స్విచ్ ఉంటుంది. మూత పూర్తిగా పడకపోతే స్పిన్ మొదలవ్వదు.

ఫుల్లీ ఆటోమేటిక్ టాప్ లోడ్ మెషీన్ అయితే నీళ్లు సరిపడా నిండేదాకా తిరగదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇన్‌లెట్ పైపు చివరి జాలీకి తెల్లటి పొర పట్టేస్తుంది. ట్యాప్ కట్టేసి, పైపు విప్పి, ఆ జాలీని పాత బ్రష్‌తో రుద్దితే చాలు.

గుయ్‌మంటోంది కానీ కదలట్లేదా..?

ఇక్కడే జాగ్రత్త! వెంటనే ఆఫ్ చేయాలి. అలాగే వదిలేస్తే మోటార్ వేడెక్కి వైండింగ్ కాలిపోవచ్చు. వందల్లో అయ్యే రిపేర్ వేలల్లోకి వెళ్తుంది.

ప్లగ్ తీసి, సగం బట్టలు బయటకు తీయండి. మెషీన్ మీద రాసి ఉండే కేజీల లెక్క పొడి బట్టలకే అని గుర్తుంచుకోండి. అడుగున ఉండే చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. బిగుసుకుపోతే దాని కింద నాణెమో, పిన్నీసో, చిన్న సాక్సో ఇరుక్కుని ఉండొచ్చు. ఫ్రీగా తిరుగుతున్నా మళ్లీ అదే గుయ్‌మనే సౌండ్ వస్తుంటే కెపాసిటర్ వీక్ అయి ఉండొచ్చు. లో వోల్టేజ్ ఉన్నా ఇదే పరిస్థితి.

మోటార్ తిరుగుతోంది, బట్టలు తిరగట్లేదా..?

బెల్ట్ ఉండే మోడళ్లలో అది వదులైనా, తెగినా ఇలా జరుగుతుంది. రబ్బరు కాలిన వాసన వస్తే డౌట్ దాని మీదే.

వాష్ ఓకే.. స్పిన్ అవ్వట్లేదా..?

నీళ్లు పూర్తిగా పోయాయో లేదో చూడండి. టబ్‌లో నీళ్లుంటే చాలా మెషీన్లు స్పిన్‌కు వెళ్లవు. డ్రెయిన్ పైపు వంగిపోయినా, కంపెనీ చెప్పిన ఎత్తు కంటే పైకి పెట్టినా నీళ్లు ఆగిపోతాయి. ఒక్క దుప్పటే వేస్తే బరువంతా ఓ పక్కకు చేరి స్పిన్ ఆగిపోతుంది. కొన్ని మోడళ్లలో అప్పుడు ‘యూఈ’ అని చూపిస్తుంది. రెండు టవల్స్ కలిపి, బట్టలు సమానంగా సర్ది మళ్లీ ఆన్ చేయండి.

ఇవి మాత్రం చేయొద్దు

వెనక మూత సొంతంగా విప్పొద్దు. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో కరెంట్ నిల్వ ఉండి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. పైగా వారంటీ కూడా పోవచ్చు. స్పిన్ పూర్తిగా ఆగేదాకా టబ్‌లో చెయ్యి పెట్టొద్దు. బాడీని ముట్టుకుంటే జిల్లుమంటే మెషీన్ వాడటం ఆపేసి, ఎర్తింగ్ చెక్ చేయించండి.

ఇవన్నీ చూసినా తిరగకపోతే అప్పుడు మెకానిక్‌కు ఫోన్ చేయండి. ఏ సౌండ్ వస్తోంది, వాష్‌లో ఆగిందా స్పిన్‌లో ఆగిందా, డిస్‌ప్లేలో ఏం కనిపించింది.. ఈ మూడూ చెబితే కావాల్సిన పార్ట్‌తోనే వస్తారు. అనవసరంగా మోటార్ మార్చాల్సిన పనీ తప్పుతుంది.