మెదడు రక్తనాళాల జబ్బులకు ఎండోస్కోపీ సర్జరీ: ఎవరికి పనికొస్తుంది? ఎవరికి కాదు?

మెదడుకి ఆపరేషన్ అనగానే ఇంటిల్లిపాదికీ కంగారే. తల మొత్తం తెరుస్తారేమోనన్న భయం ఒకటి, ఖర్చు ఎంతవుతుందోనన్న బెంగ ఇంకొకటి. ఇప్పుడు ‘చిన్న రంధ్రంతోనే ఆపరేషన్’ అన్న మాట బాగా వినిపిస్తోంది. అది నిజమే, కానీ అన్ని జబ్బులకూ వర్తించదు. జబ్బు ఏ రకమో తెలిస్తేనే ఏ పద్ధతి మంచిదో తేలుతుంది.

ఏ జబ్బు ఏమిటి?

అన్యూరిజం: ధమని గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. పగిలితే మెదడు చుట్టూ రక్తం చేరి ప్రాణం మీదికి వస్తుంది.

ఏవీఎం: ధమనులు, సిరల మధ్య ఉండాల్సిన సన్నని నాళాలు లేకుండా అవి నేరుగా చిక్కుముడిలా కలిసిపోతాయి. వాటిలో రక్తం ఎక్కువ ఒత్తిడితో పారుతుంది.

కావర్నోమా: పల్చటి గోడలున్న రక్తపు అరల గుత్తి. సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. యాంజియోగ్రామ్‌లో సాధారణంగా కనిపించదు, ఎంఆర్‌ఐలో బయటపడుతుంది. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది.

ఎండోస్కోప్ ఏం చేస్తుంది?

ఇది లైటు, కెమెరా ఉన్న సన్నని గొట్టం. మందం సుమారు 4 మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకా తక్కువ. పుర్రెలో చిన్న రంధ్రం నుంచి గానీ, కనుబొమ దగ్గర కోత నుంచి గానీ, ముక్కులోంచి గానీ లోపలికి పంపుతారు. మైక్రోస్కోప్ బయటి నుంచి సూటిగా మాత్రమే చూపిస్తుంది. ఎండోస్కోప్‌కి 30, 45 డిగ్రీల వంపు లెన్సులు ఉంటాయి కాబట్టి నాళం వెనక వైపు కూడా కనిపిస్తుంది.

ఎవరికి పనికొస్తుంది?

అన్యూరిజంకి ప్రధాన చికిత్సలు రెండు: క్లిప్, కాయిల్. 1937లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ తొలిసారి క్లిప్ పెట్టారు. 1990ల నుంచి తొడ దగ్గరి నాళం గుండా కాయిల్ పంపే పద్ధతి వచ్చింది. ఇందులో తల తెరవరు, ఎండోస్కోప్ కూడా వాడరు. పగిలిన అన్యూరిజం ఉన్న 2,143 మందిపై జరిగిన పెద్ద పరిశోధన 2002లో వెలువడింది. రెండు పద్ధతులూ కుదిరే రోగుల్లో ఏడాది తర్వాత కాయిల్ ఫలితాలే మెరుగ్గా ఉన్నాయని తేలింది. క్లిప్ ఆపరేషన్లో ఎండోస్కోప్ సహాయకురాలు: క్లిప్ సరిగ్గా పడిందా, పక్క నాళం నొక్కుకుపోయిందా అని చూస్తుంది.

ఏవీఎంకి ఒక్క ఎండోస్కోప్‌తో పని జరగదు. మామూలు ఓపెన్ సర్జరీ, నాళాలను లోపలి నుంచి మూసేయడం, గామా నైఫ్ రేడియేషన్ వంటివి ఉన్నాయి.

కావర్నోమాలో రక్తం ఒత్తిడి తక్కువ. అందుకే మెదడు లోపలి ద్రవం గదుల్లో ఉన్నవాటిని, మెదడు కాండం ముందు భాగంలోని కొన్నింటిని ఎండోస్కోప్‌తో తీస్తున్నారు. అదీ ఎంపిక చేసిన కేసుల్లోనే.

బీపీ వల్ల మెదడులో చేరిన రక్తపు గడ్డనీ సన్న గొట్టం దారిన తీస్తున్నారు. దీనిపై 300 మందితో జరిగిన పరిశోధన 2024లో వచ్చింది. 24 గంటల్లోపు ఇలా చేస్తే, మెదడు పైభాగంలో గడ్డ ఉన్నవారు బాగా కోలుకున్నారు. లోతుగా ఉన్నవారికి ఆ లాభం కనిపించలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి

రక్తం చిమ్మితే కెమెరాకి ఏమీ కనిపించదు, ఇరుకు దారిలో ఆపడం కష్టం. అప్పుడు తల తెరవాల్సి రావచ్చు. ముక్కు దారిన చేస్తే మెదడు ద్రవం కారి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. కోత చిన్నది కదా అని ప్రమాదం కూడా చిన్నదేమీ కాదు.

డాక్టర్‌ని ఇవి అడగండి

- ఇప్పుడే ఆపరేషన్ అవసరమా, స్కాన్లతో గమనిస్తే చాలా?
- మాకు ఏ పద్ధతి, ఎందుకు?
- ఇలాంటి కేసులు మీరు ఎన్ని చేశారు?
- మధ్యలో తల తెరవాల్సి వస్తే ఏర్పాట్లున్నాయా?

ఖర్చు విషయంలో అడ్మిషన్‌కి ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని కలిసి, ఆ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందో లేదో కనుక్కోండి.

ఎప్పుడూ లేనంత తలనొప్పి హఠాత్తుగా రావడం, వాంతులు, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం కనిపిస్తే ఫాలిజ్ అనుకుని ఇంటి వైద్యం చేస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్కాన్ తీస్తేనే అది రక్తం గడ్డకట్టడమా, రక్తం కారడమా అన్నది తెలుస్తుంది. రెండింటికీ వైద్యం వేరు.