ఉన్నత పాఠశాలల్లో చిత్రలేఖన బోధన

ఆరు నుంచి పదో తరగతి వరకు చదివే విద్యార్థులకు గీత, ఆకారం, నిష్పత్తి, వెలుగునీడలు, రంగుల మేళవింపు క్రమపద్ధతిలో నేర్పడాన్ని ఉన్నత పాఠశాల స్థాయి చిత్రలేఖన బోధన అంటారు. వస్తువును నిలకడగా పరిశీలించడం, చూసిందీ ఊహించిందీ కాగితం మీద పెట్టగలగడం దీని ప్రధాన లక్ష్యాలు.

చరిత్ర

1850లో అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో కళాపాఠశాల స్థాపించాడు. ఆంధ్రదేశంలో రాజమండ్రి, బందరు చిత్రకళా శిక్షణకు కేంద్రాలయ్యాయి. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు (1897-1925), అడివి బాపిరాజుల ప్రతిభను చిన్న వయసులోనే గుర్తించి ప్రోత్సహించాడు. రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగొచ్చి రాజమండ్రిలో శిష్యులను తీర్చిదిద్దాడు. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ చిత్రకళ బోధించాడు. తర్వాతి కాలంలో బాపిరాజు ఆ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు.

విద్యార్థి దశ

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ గ్రంథంలో పిల్లల చిత్రాల పరిణామాన్ని వయసుల వారీగా వివరించాడు. ఆయన ప్రకారం 12-14 ఏళ్ల పిల్లలు తమ బొమ్మ అసలు వస్తువులా ఉందా లేదా అని చూసుకోవడం మొదలుపెడతారు. పోలిక కుదరకపోతే నిరుత్సాహపడతారు. ‘నాకు బొమ్మలు రావు’ అని చాలామంది పెన్సిల్ పక్కన పెట్టేసేది ఈ వయసులోనే. అందుకే మెలకువలు నేర్పే గురువు అవసరం ఈ దశలో ఎక్కువ.

బోధనాంశాలు

వస్తు చిత్రణ, ప్రకృతి దృశ్యం, స్మృతి చిత్రణ, డిజైన్, అక్షర రచన ప్రధానాంశాలు. వీటిలో వస్తు చిత్రణ పునాది. ఉదాహరణకు బల్ల మీద చెంబు పెట్టి గీయమంటే, కొత్తగా నేర్చుకునేవారు మూతిని పూర్తి వృత్తంగా, అడుగును తిన్నని గీతగా వేస్తారు. మూతి గుండ్రమని, బల్ల చదునని వారికి ముందే తెలుసు. కంటికి కనిపించేది గీయకుండా తెలిసింది గీస్తారు. ఉపాధ్యాయుడు చెంబును కంటి ఎత్తుకు తెస్తే మూతి ఒక గీతలా కనిపిస్తుంది. కిందికి దించేకొద్దీ అది సన్నని దీర్ఘవృత్తంగా మారి క్రమంగా వెడల్పవుతుంది. మూతికంటే అడుగు ఇంకా కిందుంటుంది కాబట్టి దాని వంపు ఎక్కువగా కనిపిస్తుంది. ఇది గ్రహించిన విద్యార్థికి బిందె, గ్లాసు, బకెట్ గీయడం సులువవుతుంది.

కొలతల కోసం చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలు జరుపుతూ ఎత్తు, వెడల్పులను పోల్చడం నేర్పుతారు. తర్వాత హెచ్‌బీ పెన్సిల్‌తో రూపురేఖలు, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లతో నీడలు అభ్యాసం చేయిస్తారు. డిజైన్ పాఠానికి చుక్కల ముగ్గు, శ్రీకాళహస్తి కలంకారీ తీగలు, చేర్యాల నకాషీ చిత్రాల రంగులు చేతికందే నమూనాలు.

మూల్యాంకనం

బొమ్మ అందాన్ని మాత్రమే చూసి మార్కులు వేయడం వల్ల అప్పటికే గీయగలిగినవారికే మేలు జరుగుతుంది. ఏడాది పొడవునా వేసిన స్కెచ్‌లను తేదీలతో ఒకే పుస్తకంలో భద్రపరిస్తే ప్రతి విద్యార్థి పురోగతీ తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు డ్రాయింగ్ ఉపాధ్యాయ వృత్తికి దారి చూపుతాయి.

విధానాలు

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకు కళావిద్యను తప్పనిసరి చేయాలని సూచించింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న పాఠశాలలో కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. 2020 జాతీయ విద్యావిధానం కళలకు, శాస్త్రాలకు మధ్య గట్టి విభజన ఉండరాదని చెప్పింది. ఈ మాటలు తరగతి గదికి చేరాలంటే టైంటేబుల్‌లోని డ్రాయింగ్ పీరియడ్‌ను గణితానికో సామాన్యశాస్త్రానికో మళ్లించకుండా, డ్రాయింగ్ మాస్టారికే వదిలిపెట్టాలి.