అతిథికి తిథి: వినిమయ వీసా చరిత్రయు విద్వదాతిథ్యమును

తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని మన పెద్దలు ఆ శబ్దమునకు వ్యుత్పత్తి చెప్పిరి. నేడొక విశ్వవిద్యాలయము పరదేశ పండితుని పిలిచి యొక యేడో రెండేండ్లో తన శాఖయందు నిలుపుకొనునప్పుడు, అతడే దినమున రావలెనో, యే దినమున మరలవలెనో ముందుగనే కాగితముపై వ్రాయబడి యుండును. ఆ తిథి దాటినచో అతడు అతిథియు కాడు; అపరాధి యగును. అట్టివానిని అతిథి యనుట లోకవ్యవహారమే కాని వ్యుత్పత్తికి సరిపడునది కాదు.

ఈ తిథిని విధించిన శాసనములు ఎప్పుడు, ఏ కారణమున పుట్టినవి? అవి కోరిన ఫలము సిద్ధించినదా? సిద్ధించినచో అది శాసనబలమున సిద్ధించినదా, ఆతిథ్యబలమున సిద్ధించినదా? ఈ ప్రశ్నలను ఇందు విచారింప దలచితిమి. అమెరికా సంయుక్త రాష్ట్రముల వినిమయ వీసాను ఉదాహరణముగా గ్రహించితిమి. దాని చరిత్ర అడుగడుగునను శాసనరూపమున లభించుట యొక కారణము. గత శతాబ్దపు తెలుగు భాషాధ్యయనమునకు అమెరికా విశ్వవిద్యాలయములతో కలిగిన సంబంధము రెండవ కారణము.

1924 నాటి అమెరికా వలసల శాసనము ఒక్కొక్క దేశమునకు ఇంతమంది యని కోటా విధించెను. ఆ కోటాకు లోబడని వారిలో విద్యార్థులును, అంతకుముందు రెండేండ్లు ఆ వృత్తియందుండి, అమెరికాయందును దానినే సాగింప వచ్చు కళాశాలాచార్యులును చేర్పబడిరి. ఇది యుదారమైన నియమమే. కాని యిందొక విశేషము కలదు. ఆ శాసనము ఆచార్యుని కోటాకు లోబడని వలసదారుగానే యెంచెను. నిలిచిపోవుటకు వచ్చు పండితునికి ద్వారము తెరచినది గాని, కొంతకాలముండి, నేర్పి, నేర్చి, తిరిగి పోవు పండితునికి ప్రత్యేకమైన వర్గమును కల్పింపలేదు. 1919లో న్యూయార్కున స్థాపితమైన అంతర్జాతీయ విద్యాసంస్థ వంటివి పండితుల రాకపోకలకు తోడ్పడుచుండినను, శాసనమున వారికి పేరు లేకుండెను.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ స్థితిని మార్చెను. యుద్ధము ముగియునాటికి అమెరికాకు చెందిన సామగ్రి యెంతయో పరదేశములయందు మిగిలి యుండెను. కొనదలచిన దేశములకు డాలర్లు లేవు. తమ నాణెములతో చెల్లించిన సొమ్ము అమెరికాకు తెచ్చుకొన్నను అక్కరకు రాదు. అట్టి సొమ్మును ఆయా దేశములయందే విద్యావినిమయమునకు వెచ్చింపవచ్చునని అర్కన్సా రాష్ట్రపు సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ 1945లో ప్రతిపాదించెను. ఆయన యౌవనమున రోడ్స్ విద్యార్థిగా ఆక్స్‌ఫర్డునందు చదివినవాడు. పరదేశ విద్యానివాసపు విలువను అనుభవమున నెరిగినవాడు. మిగులు యుద్ధసామగ్రిని గూర్చిన 1944 నాటి శాసనమునకు సవరణరూపమున వచ్చిన ఆ ప్రతిపాదనపై అధ్యక్షుడు ట్రూమన్ 1946 ఆగస్టు 1వ తేదీన సంతకము చేసెను.

ఆ సొమ్ము స్వభావమును గమనింపవలెను. అది పరదేశపు నాణెము. పరదేశమునకు పోయిన అమెరికా పండితుని పోషించుటకును, అమెరికాకు రాదలచిన పండితుని ప్రయాణమునకును అది చాలును. అమెరికాలో దిగిన పిదప అతని కూటికిని గూటికిని కావలసినవి డాలర్లు. అవి యా నిధిలో లేవు. ఈ లోటును కొంత 1948 జనవరి 27న వెలువడిన స్మిత్-మంట్ శాసనపు నిధులు తీర్చినవి. తక్కినది ఆతిథ్య మిచ్చు విశ్వవిద్యాలయములే భరింపవలసి వచ్చెను. కనుక విశ్వవిద్యాలయము మొదటినుండియు ఈ వ్యవస్థయందు సాక్షిమాత్రము కాదు, గృహస్థు. స్మిత్-మంట్ శాసనమే వినిమయమునకు వచ్చువారిని వలసదారులుగా గాక సందర్శకులుగా చేర్చుకొనుటకు అవకాశము కల్పించెను. పని ముగిసిన పిదప పోనివారిని పంపివేయుటకును ఏర్పాటు చేసెను. అతిథికి తిథి యేర్పడినది ఇక్కడనే.

ఈ యేర్పాటు విద్యకెట్లుపకరించెనో తెలియుటకు తొలినాటి నిదర్శన మొకటి చాలును. ఫుల్‌బ్రైట్ శాసనము ననుసరించి కుదిరిన మొదటి ఒప్పందము 1947 నవంబరులో చైనాతో జరిగినది. చైనా తత్త్వశాస్త్ర చరిత్రను రచించిన ఫుంగ్ యూ-లాన్ 1946-47లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున అతిథి యాచార్యుడుగా నుండెను. ఆ గ్రంథమును ఆంగ్లీకరించుచున్న డెర్క్ బాడ్ ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యుడే. 1948లో బాడ్ ఫుల్‌బ్రైట్ పండితుడుగా పెకింగునకు పోయి, అంతర్యుద్ధపు టలజడి నడుమ రెండవ సంపుటమును అనువదించెను. ఆ చరిత్ర రెండు సంపుటములును 1952-53లో ప్రిన్స్‌టన్ నుండి వెలువడినవి. మొదట గ్రంథకర్త అనువాదకుని యింటికి వచ్చెను. పిదప అనువాదకుడు గ్రంథకర్త దేశమునకు పోయెను. వినిమయ మను మాటకు ఇంతకంటె స్పష్టమైన యర్థము వేరొకటి యుండబోదు. చైనాలో ప్రభుత్వము మారుటతో 1949లోనే ఆ కార్యక్రమ మాగిపోయెను. రాజకీయము ద్వారము మూసినను, అప్పటికే కలిసి చేసిన పని నిలిచినది.

మన దేశముతో ఒప్పందము 1950 ఫిబ్రవరి 2న కుదిరినది. అనతికాలముననే ప్రభుత్వముల మనస్సులో ఒక సందేహము బలపడెను: వచ్చినవాడు పోకున్నచో అది వినిమయ మెట్లగును? దేశము విడిచినట్లు చూపి, వెంటనే వలస వీసాతో మరలి వచ్చుటకు పూర్వ నియమమున వీలుండెను. దీనిని తొలగించుటకై 1956 జూన్ 4 నాటి శాసనము, వినిమయమునకు వచ్చిన వ్యక్తి పోయి రెండేండ్లు బయట నివసించిన గాని వలస వీసా పొందరాదని విధించెను. 1961 సెప్టెంబరు 21న అధ్యక్షుడు కెనెడీ సంతకము చేసిన ఫుల్‌బ్రైట్-హేస్ శాసనము పూర్వపు శాసనములను క్రోడీకరించి, వినిమయ సందర్శకులకు వలసల చట్టమున జె యను ప్రత్యేకాక్షరమును కేటాయించెను. 1924లో పేరు లేని పండితునికి ముప్పదియేడేండ్లకు ఒక యక్షరము లభించినది.

రెండేండ్ల నియమమును గూర్చి యొక పొరపాటు తలంపు వ్యాపించి యున్నది. అది పునర్దర్శనమును నిషేధింపదు. వలసదారుగా స్థిరపడుటను, కొన్ని ఉద్యోగ వీసాలను మాత్రమే అడ్డగించును. స్వదేశ ప్రభుత్వము తనకు అభ్యంతరము లేదనుట, కుటుంబమునకు అసాధారణమైన కష్టము కలుగుట మొదలగు కారణములచే మినహాయింపు పొందుటకును మార్గము కలదు. 1970 నాటి సవరణము ఈ నియమమును అందరికిని గాక, ప్రభుత్వ ధనముతో వచ్చినవారికిని, స్వదేశమునకు మిక్కిలి యవసరమైన విద్యలు నేర్చినవారికిని పరిమితము చేసెను. ఏ దేశమునకు ఏ విద్యలు అవసరమో తెలుపు పట్టిక 1972లో మొదట ప్రకటింపబడెను. 1976లో వైద్యశిక్షణకు వచ్చువారు దీని పరిధిలో చేర్పబడిరి. చిరకాలము ఆ పట్టికయందుండిన భారతదేశము 2024 డిసెంబరు 9 నాటి పట్టికనుండి తొలగింపబడినది. ప్రభుత్వ ధనముతో పోవువారికిని వైద్యశిక్షణార్థులకును మాత్రము పూర్వ నియమము నిలిచియే యున్నది.

ఈ తొలగింపును ఎట్లు గ్రహింపవలెను? పండితులకు స్వేచ్ఛ పెరిగిన మాట నిజము. కాని పట్టిక తొలగిన చోట రాకపోకల బాధ్యత శాసనమునుండి జారి విద్వాంసుల పైనను, వారిని పంపిన, పిలిచిన శాఖలపైనను పడినది. ఈ విషయమును మన శాఖలు తగినంతగా గుర్తించినట్లు మాకు తోచదు.

ఇక నేటి ఆతిథ్యపు తీరును సంగ్రహముగా చూతము. పిలుచు విశ్వవిద్యాలయము ముందుగా అమెరికా ప్రభుత్వపు అనుమతి పొంది, యొక బాధ్యతాధికారిని నియమింపవలెను. అతడు జారీచేయు డి.ఎస్.-2019 అను పత్రమును చూపి పండితుడు వీసా కోరవలెను. అందు వచ్చు తేదీ, పోవు తేదీ, చేయు పని, లభించు ధనము వ్రాయబడి యుండును. 2003 నుండి ఈ వివరములన్నియు యంత్రగణకముల ద్వారా నడచు జాతీయ పట్టికలో చేరుచున్నవి. ఆరోగ్యబీమా తప్పనిసరి. స్వల్పకాల పండితునికి ఆరు నెలలును, ఆచార్య పరిశోధకులకు ఐదేండ్లును గడువు. ఈ రెండవ వర్గమువారు గడువు ముగిసిన పిదప ఇరువదినాలుగు నెలలు గడువక మరల అదే వర్గమున రాజాలరు. శాశ్వతోద్యోగమునకు అభ్యర్థి యైనవాడు ఈ వర్గమునకు తగడు. నియమములన్నియు తిథిని కాపాడుటకే. పండితునితో మాటలాడువారెవరు, అతని ప్రశ్నను తమ ప్రశ్నగా గ్రహించువారెవరు అను విషయమును ఏ పత్రమును అడుగదు.

అడుగని యా ప్రశ్నకు సమాధానము దొరకిన చోటనే వినిమయము ఫలించినది. పెన్సిల్వేనియాలో నార్మన్ బ్రౌన్ 1948లో దక్షిణాసియా విద్యలకు ఒక శాఖను నెలకొల్పెను. ఆ విశ్వవిద్యాలయముననే భద్రిరాజు కృష్ణమూర్తిగారు చదివి 1957లో డాక్టరేటు పొందిరి. తెలుగు క్రియాధాతువులను గూర్చిన వారి గ్రంథము 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణముగా వెలువడెను. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును ఆ యేడే వెలువడినది. ఆ ఎమెనో 1935-38 మధ్య మన దేశమునకు వచ్చి, తొద, కోత మున్నగు భాషలను పలుకువారి నోటనే విని నేర్చినవాడు. కృష్ణమూర్తిగారు స్వదేశమునకు మరలి, తెలుగు రైతుల వృత్తిపదములను సేకరించు మాండలిక పదకోశమునకు పూనుకొనిరి. వ్యవసాయ పదముల సంపుటము 1962లో వెలువడెను. ఆ యేడే వారు ఉస్మానియాలో భాషాశాస్త్రాచార్యులైరి. ఫిలడెల్ఫియాలో నేర్చిన శాస్త్రము నాగలి భాగముల పేర్లకు, నీటిపారుదల మాటలకు ఉపయోగపడినది. మరలిరావలె నను నియమము మనుష్యుని దేహమును తేగలదు. ఇట్టి ఫలమును తేజాలదు. దానిని తెచ్చినవి గురుశిష్య సంబంధము, స్వభాషాభిమానము.

మరలని వారి వలనను ఫలము కలుగవచ్చును. 1971 నుండి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావుగారి కృషి అందుకు తార్కాణము. 1962లో మొదలైన గ్రంథసేకరణ ప్రణాళికవలన, గోధుమల మూల్యముగా మన దేశమున నిలువయైన రూపాయలతో తెలుగు పుస్తకములు కొనబడి అమెరికా గ్రంథాలయములకు చేరినవి. పండితుడు పోయినను, రాకున్నను, పుస్తకము బీరువాలో నుండి అతిథులను పిలుచుచునే యుండును.

మన వైపు ఆతిథ్యము మాటయేమి? జీన్ రోఘైర్ పల్నాటి వీరులకథను గాయకుల నోట విని, పరిశోధించి, అనువదించి 1982లో ప్రకటించెను. ఇట్లు పరిశోధక వీసాతో మన దేశమునకు వచ్చువారికి మన శాఖలే గృహస్థులు. వచ్చినవారు గాయకుని గొంతు ఫీతా కెక్కించుకొని పోయిరి గదా, దాని ప్రతి యొకటి మన గ్రంథాలయమున ఉన్నదా? వారి గ్రంథము మన విద్యార్థుల చేతికి అందినదా? వారు ఉన్నన్నాళ్లు మన పరిశోధక విద్యార్థి ఎవడైన వారి వెంట పల్లెలకు పోయినాడా? లేదనవలసి వచ్చినచో ఆ లోపము వీసాది కాదు. సభ చేసి, శాలువ కప్పి, ఛాయాచిత్రము తీయించుకొని ఆతిథ్యము ముగిసినదనుకొన్న మనది.

1950 ఒప్పందమునకు బదులుగా 2008లో కుదిరిన నూతన ఒప్పందముచే ఈ విద్యార్థి వేతనములకు భారత ప్రభుత్వమును సమానముగా ధనము వెచ్చించుచున్నది. వానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ అను పేరు వచ్చినది. మిగులు యుద్ధసామగ్రితో మొదలైన వ్యవహారము ఇరువురు గృహస్థుల పొత్తుగా మారినది. ధనమున సమానత్వము వచ్చినది. విద్యయందును అది రావలెను. ప్రతి శాఖయు తనకు వచ్చు పండితునికి ఒక సహపరిశోధకుని, ఒక విద్యార్థిని ముందుగా నియమించుట, సేకరించిన సామగ్రి ప్రతిని నిలుపుకొనుట, తాను పంపిన పండితుడు మరలివచ్చిన పిదప తెచ్చిన విద్యను ఒక యేడు పాఠముగా చెప్పించుట అను మూడు పనులు చేసిన చాలును. వీనికి క్రొత్త శాసన మక్కరలేదు.

అతిథికి తిథిని ప్రభుత్వములు నిర్ణయించును. ఆ తిథిలోపల ఏమి జరుగవలెనో నిర్ణయింపవలసినది ఆతిథ్య మిచ్చు శాఖయే.