అడగని ప్రశ్న: కాలేజీ కోచ్‌ల నియామకంలో గత ప్రవర్తన

హైదరాబాద్‌లోని నాంపల్లి క్రిమినల్ కోర్టులు, ఇంటర్ బోర్డు కొలువున్న విద్యాభవన్, ఎల్బీ స్టేడియం, 1887 నాటి నిజాం కాలేజీ. ఈ నాలుగూ ఒకదానికొకటి నడిచి వెళ్ళే దూరంలోనే ఉన్నాయి. ఆబిడ్స్ చుట్టుపక్కల స్కూళ్ళకూ కాలేజీలకూ కొదవ లేదు. పొద్దున స్టేడియంలో విజిల్ ఊదిన మనిషే తర్వాత ఒక జూనియర్ కాలేజీ టీముకు, సాయంత్రం మరో డిగ్రీ కాలేజీ టీముకు కోచింగ్ ఇవ్వడం ఇలాంటి చోట వింతేమీ కాదు. విజిల్ అతని వెంట వెళుతుంది, ఫైలు వెళ్ళదు. గతంలో నడత చెడిన కోచ్‌ని తీసుకోవచ్చా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ ‘ఆ మనిషి మారాడా, లేదా’ అన్న దగ్గరే తిరుగుతుంది. అది తేల్చడం ఏ ప్రిన్సిపాల్ తరమూ కాదు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న కాలేజీ అడిగిందా అన్నదే ఈ వ్యాసం పట్టించుకునే విషయం.

డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ ఉద్యోగానికి యూజీసీ 2018 నిబంధనలు దేహ దారుఢ్య పరీక్ష పెట్టాయి. 30 ఏళ్ళలోపు పురుషులు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పరుగెత్తో నడిచో పూర్తి చేయాలి. వయసు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. దమ్ము కొలవడానికి ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉంది. నడత తెలుసుకోవడానికి మాత్రం పాత కాలేజీ ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్టే దిక్కు. అందులో ‘సంతృప్తికరం’ తప్ప మరో మాట చదివినవాళ్ళు ఎందరున్నారు? పార్ట్‌టైమ్ కోచ్‌కైతే ఆ కాగితమూ అక్కర్లేదు, ఫలానా పీడీ సార్ పంపారంటే చాలు.

ఆ ‘సంతృప్తికరం’ వెనక ఏం దాగి ఉండొచ్చో ఊహించడానికి ఒక లెక్క చాలు. 2010–2019 మధ్య స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రాల్లో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో 29 కోచ్‌ల మీదేనని 2020 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సమాచార హక్కు చట్టం ద్వారా బయటపెట్టింది. చాలా సందర్భాల్లో శిక్ష బదిలీతోనో, జీతంలోనో పింఛన్‌లోనో చిన్న కోతతోనో సరిపోయింది. రికార్డు ఉండే ప్రభుత్వ సంస్థలోనే తీరు ఇలా ఉంటే, పరువు గురించి బెంగపడే ప్రైవేటు కాలేజీ ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు. రాజీనామా రాయించుకుని, గుట్టుచప్పుడు కాకుండా సాగనంపి, చేతులు దులుపుకుంటుంది. ఎల్బీ స్టేడియంలో శిక్షణ పొందుతున్న ఒక యువ బాక్సర్ 2009లో ఆత్మహత్య చేసుకున్నప్పుడు కోచ్ మీద వేధింపుల ఆరోపణలు వచ్చాయి. అంటే ఈ వీధులకు ఇది కొత్త విషయం కాదు.

అయితే ఏ తప్పు సొంత విషయం, ఏది కాలేజీకి సంబంధించింది? తాగి బండి నడుపుతూ పట్టుబడి, గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కు కూర్చున్న కోచ్‌ని జన్మంతా వెలివేయాలని నేను అనను. కానీ అదే మనిషి టీముతో బస్సెక్కితే తాగుడు ఇక అతని ఇంటి సంగతిగా మిగలదు. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ తన మహిళా జట్టు ప్రధాన కోచ్‌ని పక్కన పెట్టింది కూడా టీము బస్సులో మద్యం తాగారన్న ఆరోపణ మీదే. కొలబద్ద ఒక్కటే: ఆ పాత తప్పుకూ, రేపు అతని చేతికి మనం ఇవ్వబోయే అధికారానికీ లంకె ఉందా?

అమెరికాలో బాబీ పెట్రినో ఉదంతం ఈ లంకెను బాగా చూపిస్తుంది. 2012 ఏప్రిల్‌లో ఈ ఆర్కన్సా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ మోటార్‌సైకిల్ మీద నుంచి పడ్డాడు, తన వెంట ఎవరూ లేరని పైవాళ్ళకు చెప్పాడు. వెనక కూర్చున్నది అతనితో సంబంధం ఉన్న యువతి. ఆమెను తన విభాగంలో ఉద్యోగంలో పెట్టుకున్నదీ అతనే. సంబంధం సొంత విషయమే అనుకున్నా ఉద్యోగం ఇవ్వడం కాదు, అబద్ధం అసలే కాదు. అతన్ని తీసేశారు. అదే ఏడాది డిసెంబరులో వెస్టర్న్ కెంటకీ, 2014లో లూయివిల్ యూనివర్సిటీలు పిలిచి పదవి ఇచ్చాయి. గెలిపించేవాడికి గిరాకీ తగ్గదు. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, వాళ్ళు తెలిసే తీసుకున్నారు. మనం తెలియకుండా తీసుకుంటున్నాం.

తెలియకపోవడానికి చట్టంలోనే ఒక కారణం ఉంది. ఉద్యోగార్థి పాత కేసుల్ని దాచడం గురించి సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. దరఖాస్తులో ప్రశ్న స్పష్టంగా ఉండాలని, స్పష్టంగా అడిగినది చెప్పకపోతేనే దాచినట్టని అందులో తేల్చింది. చిన్న వయసులో చేసిన చిన్న తప్పును మన్నించే వీలూ ఆ తీర్పులోనే ఉంది. అంటే కాలేజీ అడగకపోతే కోచ్ చెప్పనక్కర్లేదు. తర్వాత నిజం బయటపడ్డా ‘మోసం చేశాడు’ అనే హక్కు ఆ కాలేజీకి ఉండదు.

పిల్లలతో నిత్యం మెలిగే సంస్థలు కాంట్రాక్టు సిబ్బందితో సహా అందరికీ ఎప్పటికప్పుడు పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. అందులో క్రీడా అకాడమీల పేరు విడిగా ఉంది. ఇంటర్ విద్యార్థుల్లో చాలామందికి 18 నిండవు గనుక జూనియర్ కాలేజీ దీన్ని తప్పించుకోలేదు. చిక్కంతా డిగ్రీతో. అదే అమ్మాయి, అదే మైదానం, అదే కోచ్. పద్దెనిమిదో పుట్టినరోజు దాటగానే ఆ రక్షణ పోతుంది. వెరిఫికేషన్ జరిగినా అందులో తేలేవి పోలీసుల దాకా వెళ్ళిన కేసులే. నాలుగు గోడల మధ్య సర్దుబాటైనవి తేలవు.

కాబట్టి దరఖాస్తులో రెండు ప్రశ్నలు ఉండాలి: గత ఉద్యోగాలు ఒక్కొక్కటీ ఎందుకు వదిలారు? మీ మీద ఎక్కడైనా విచారణ జరిగిందా, జరుగుతుంటే వదిలి వచ్చారా? ఆరోపణ ఉన్నంత మాత్రాన తిరస్కరించనక్కర్లేదు, అభ్యర్థి చెప్పేది వినాలి, పాత సంస్థకు రాసి జవాబు తెప్పించుకోవాలి. ప్రైవేటు జూనియర్ కాలేజీ అఫిలియేషన్‌కు వస్తే బోర్డు ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతుంది, భవనం గట్టిదనం గురించి ధ్రువపత్రం అడుగుతుంది. కోచ్‌ల పోలీసు వెరిఫికేషన్ కాగితాన్నీ, ఈ రెండు ప్రశ్నలకు సంతకం పెట్టిన జవాబులనూ అదే జాబితాలో చేర్చాలని విద్యాభవన్‌కు మా విన్నపం.