గుండె దడ వచ్చి పోతోందా? లైట్ తీసుకోవద్దు.. ముప్పు ఎవరికి ఎక్కువంటే?

వైరా: మిర్చి చేలో పనిచేసి ఇంటికొచ్చాక గుండె దడదడలాడింది. కాసేపు కూర్చుంటే తగ్గింది. ఎండకు వచ్చిన నీరసమేలే అనుకుని ఊరుకోవడం వైరా చుట్టుపక్కల పల్లెల్లో మామూలే. కానీ ఆ దడ వెనక ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండొచ్చు. దీన్నే క్లుప్తంగా ఏఎఫ్ అంటారు. ఇది గుండెలో మొదలై మెదడుకు ముప్పు తెస్తుంది.

ఏంటీ ఏఎఫ్?
గుండె పై గదులు లయగా కొట్టుకోకుండా వణుకుతుంటాయి. దాంతో అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఏఎఫ్ ఉన్నవారికి ఈ ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువని అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో తేలింది.

ముప్పు ఎవరికి?
* 65 ఏళ్లు దాటినవారు
* హైబీపీ ఉండి, మందులు మధ్యలో మానేసేవారు
* షుగర్, ఊబకాయం ఉన్నవారు
* గతంలో గుండెపోటు వచ్చినవారు, గుండె బలహీనపడినవారు
* థైరాయిడ్ అతిగా పనిచేసేవారు
* మద్యం, పొగ అలవాటున్నవారు. ఒక్కరోజు అతిగా తాగినా దడ మొదలవ్వొచ్చు
* గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారు

చిన్నప్పటి గొంతునొప్పి కూడా..
మన దేశంలో మరో కారణం రుమాటిక్ జ్వరం. పిల్లల్లో కొన్ని రకాల గొంతు ఇన్ఫెక్షన్‌కు సరైన మందు పడకపోతే కీళ్లనొప్పులు, జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింటుంది. ఏళ్లు గడిచాక అదే ఏఎఫ్‌కు దారితీస్తుంది. అందుకే ఇది వృద్ధులకే కాదు, 30, 40 ఏళ్ల వారికీ వస్తుంది. ఈ జ్వరం వచ్చిన పిల్లలకు డాక్టర్ రాసిన పెన్సిలిన్ ఇంజెక్షన్లు మధ్యలో ఆపొద్దు.

ఇలా చూసుకోండి
బొటనవేలి కింద, మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి ఒక నిమిషం నాడి చూడండి. కొట్టుకోవడం ఒక క్రమంలో లేకుంటే ఈసీజీ తీయించుకోవాలి. దడ లేకుండా కేవలం ఆయాసం, నీరసం ఉన్నా ఏఎఫ్ కావచ్చు. కొందరిలో ఏ లక్షణమూ ఉండదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. ఏఎఫ్ అని తేలితే, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు అవసరమా లేదా అన్నది డాక్టరే నిర్ణయిస్తారు.

మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే పడాలి. తెల్లారాక చూద్దాంలే అనుకుంటే ఆ సమయం దాటిపోతుంది.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. సమస్య ఉంటే డాక్టర్‌ను సంప్రదించండి.