డిస్కు సీటులో చేరిన చిన్న కార్డు

మన తరం ఉద్యోగులు రికార్డు రూముల మధ్య జీవితం గడిపినవారు. కాగితాన్ని భద్రపరచడం ఒక ఎత్తయితే, అడిగిన వెంటనే దాన్ని తీసి అందించడం మరొక ఎత్తు. కంప్యూటరు చరిత్ర కూడా చాలావరకు ఈ రెండు పనుల చరిత్రే. కెమెరాలో ఫొటోలు దాచే కార్డు ల్యాప్‌టాప్‌ను నడిపే డిస్కుగా మారిన వైనం అందులో ఒక ముచ్చటైన ఘట్టం.

1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన తొలి హార్డ్ డిస్కులో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50 ఉండేవి. అంత పెద్ద యంత్రంలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. కాలక్రమేణా డిస్కు ల్యాప్‌టాప్‌లో ఇమిడేంత చిన్నదయింది గాని, పళ్ళెం గిరగిర తిరగడం మాత్రం మానలేదు. యంత్రం చేయి జారి పడితే డిస్కుతోపాటు అందులోని రాత కూడా పోయే ప్రమాదం ఉండేది.

కదిలే భాగాలు లేని ఫ్లాష్ మెమరీని కనిపెట్టినవాడు జపానులోని తోషిబా కంపెనీ ఇంజనీరు ఫుజియో మసువోకా. దాన్ని 1984లో లోకానికి వెల్లడించాడు. నేడు కార్డులలో వాడే నాండ్ రకాన్ని 1987లో ప్రకటించాడు. రాసినదంతా ఒక్కసారిగా చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్‌ను తలపించిందని సహోద్యోగి ఒకరు ఆ పేరు సూచించారట. తన ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం కోసం మసువోకా 2004లో కోర్టుకెక్కి 100 కోట్ల యెన్‌లు కోరాడు. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకు రాజీ కుదిరింది. ఉద్యోగి శ్రమకు విలువ కట్టడం ఎక్కడైనా కష్టమే!

1988లో అమెరికాలో సన్‌డిస్క్ అనే సంస్థ పుట్టింది. దాని స్థాపకులలో కాన్పూరులో జన్మించిన సంజయ్ మెహ్రోత్రా ఒకరు. తరువాత శాన్‌డిస్క్‌గా పేరు మార్చుకొన్న ఈ సంస్థ 1991లో 20 మెగాబైట్ల ఫ్లాష్ డిస్కును ఐ.బి.ఎం.కు అందించింది. ధర సుమారు 1000 డాలర్లు! 1994లో అదే సంస్థ 'కాంపాక్ట్ ఫ్లాష్' కార్డును తెచ్చింది. అగ్గిపెట్టె కంటే ఎంతో పలుచన, మందం 3.3 మిల్లీమీటర్లు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆనాటి హార్డ్ డిస్కులు ఐ.డి.ఇ. అనే పద్ధతిలో కంప్యూటరుతో మాట్లాడేవి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుకు కూడా ఆ భాషే నేర్పారు. అందుచేత కార్డుకున్న 50 పిన్నులను ల్యాప్‌టాప్ డిస్కు తాలూకు 44 పిన్నులకు కలిపే చిన్న అడాప్టరు ఉంటే చాలు. యంత్రం ఆన్ కాగానే బయాస్ డిస్కులోని మొదటి 512 బైట్లను అడుగుతుంది. కార్డు వాటిని అందిస్తుంది. అక్కడినుండి ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవుతుంది. ఆఫీసులో గుమాస్తా బదిలీ అయినా సీటు నంబరు మారనట్లే, అడిగేవారికి తేడా తెలియదు. డిస్కు చెడిపోయి మూలపడిన ఎన్నో పాత ల్యాప్‌టాప్‌లు ఈ విధంగా చప్పుడు లేకుండా మళ్ళీ పనిలో చేరాయి.

అయితే కొత్త గుమాస్తాకూ ఒక బలహీనత ఉంది. ఫ్లాష్‌లో ప్రతి గడి విద్యుదావేశాన్ని ఒక పలుచని పొర వెనుక బంధించి ఉంచుతుంది. చెరిపి రాసిన ప్రతిసారీ ఆ పొర కొంత అరుగుతుంది. ఒకేచోట అరగకుండా రాతను అన్ని గడులకూ పంచే ఏర్పాటు మంచి కార్డులలో ఉంటుంది. జ్ఞాపకం చాలనప్పుడు డిస్కుపై పదేపదే రాసే 'స్వాప్' ఏర్పాటును ఆపివేస్తే కార్డు ఆయుష్షు పెరుగుతుంది.

2007లో వచ్చిన ఆసుస్ ఈ పీసీ తిరిగే డిస్కు లేకుండా, 4 గిగాబైట్ల ఫ్లాష్‌తోనే పనిచేసింది. 2012లో వచ్చిన రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు ఎస్.డి. కార్డు నుండే మొదలయ్యేది. నేటి కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో ఉన్నది ఫ్లాష్‌తో చేసిన డిస్కే. ఒకనాటి ప్రత్యామ్నాయం నేడు రివాజు అయింది.

సభ్యులు గమనించవలసిన విషయం ఒకటుంది. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పెట్టెలో పడివున్న ఫ్లాష్‌లో బంధించిన ఆవేశం మెల్లగా జారిపోవచ్చు. దానితోపాటు రాత కూడా పోతుంది. అందువల్ల పెన్షన్ ఆర్డరు, సర్వీసు కాగితాల నకళ్ళు కార్డులో ఒకటి, వేరొక డిస్కులో ఒకటి ఉంచి, ఏడాదికొకసారి తెరిచి చూసుకోవాలి. అసలు కాగితాలను మాత్రం బీరువాలోనే పదిలంగా ఉంచండి. పాత యంత్రాన్ని బ్రతికించడానికి కార్డు చాలు గాని, మన హక్కుల దస్తావేజులన్నిటికీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం తగదు.